సంత రోజు మాత్రలు

పిల్లల రక్త కేన్సర్‌ను మొట్టమొదట వెనక్కి తగ్గించిన మందు వెనుక ఉన్నది మా గోదావరి జిల్లాల మనిషే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో బడికి వెళ్లారు, మద్రాసులో వైద్యం చదివారు, అమెరికా చేరి లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ విరుగుళ్లలో అమినోప్టెరిన్ ఒకటి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం జబ్బు తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేను ఈరోజుకీ రాసిస్తున్నాను. భీమవరం నుంచి వచ్చిన ఒక తండ్రికి ఈ మాట చెబితే, “ఆయ్, మా ఊరాయనేనాండీ!” అని మందుల చీటీని కళ్లకద్దుకున్నాడు.

అంత పెద్దాయన మందు కూడా సరైన రోజున, సరైన పిల్లాడి నోట్లో పడితేనే పనిచేస్తుంది. అది పడేలా చూసే మనుషుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ల్యుకేమియా చికిత్స రెండున్నర, మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగినా, ఎక్కువ కాలం ఇంటి దగ్గర మాత్రలతోనే గడుస్తుంది. 6-ఎంపీ అనే మాత్ర రోజూ రాత్రి వేయాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేయాలి. రెండూ పసుపు ఛాయలో ఉండే చిన్న మాత్రలే. వారం మందును రోజూ వేస్తే నోరంతా పుండ్లు పడుతుంది, మూలుగలో రక్తం తయారవడం ఆగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. నేను చీటీ మీద “వారానికి ఒకసారి” అని రాసి కింద గీత గీస్తాను. చదువు రాని తల్లికి ఆ గీత ఏం చెబుతుంది?

మా వార్డు పెద్ద సిస్టరు ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుంది. “మీ ఊళ్లో సంత ఏ రోజమ్మా?”

“బుధవారమండి.”

“అయితే సంత రోజు రాత్రే ఈ పొట్లం. మిగతా రోజుల్లో దీని జోలికెళ్లకు.”

చేతికి గ్లౌజులు తొడుక్కుని, ఒక్కో వారానికి సరిపడా మాత్రలు లెక్కపెట్టి నాలుగు పొట్లాలు కడుతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఖాళీ కాగితాలు తెమ్మంటుంది. మూడు కాగితాలే వస్తే నాలుగోది ఏమైందో కనుక్కునేదాకా ఆ తల్లిని నా దగ్గరికి పంపదు. ఏ పిల్లకు మందు సరిగా పడుతోందో నాకు తెలిసేది ఆ కాగితాల వల్లే.

సూది దగ్గరా అంతే శ్రద్ధ. విన్‌క్రిస్టిన్ అనే మందు నరం దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ కాలిపోతుంది. అందుకే నరంలో రక్తం వెనక్కి వస్తోందో లేదో చూసుకోకుండా ఆమె ఒక్క చుక్క కూడా ఎక్కించదు. అదే మందు పొరపాటున వెన్నులోకి వెళితే పిల్లాడు బతకడు. వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇచ్చే రోజున విన్‌క్రిస్టిన్‌ను ఆ గది గుమ్మం కూడా దాటనివ్వదు. నేను తొందరపెట్టినా దాటనివ్వదు. పిల్లలతో అబద్ధం ఆడదు. “నొప్పి ఉంటుంది నాన్నా, పది లెక్కపెట్టేలోపు పోతుంది” అని చెప్పి తనే లెక్కపెడుతుంది. “ఏం కాదు, ఏం కాదు” అంటూ పొడిచే చేతిని పిల్లలు రెండోసారి నమ్మరు.

స్టెరాయిడ్లు వాడే వారాల్లో పిల్లలకు ఆకలి అడ్డూ ఆపూ లేకుండా వేస్తుంది. కోనసీమ పిల్లాడొకడు రాత్రి రెండింటికి లేచి పెసరట్టు కావాలని ఏడుపు. తల్లి సిగ్గుతో వాడి నోరు మూయబోతోంది. “వాణ్ణి తిట్టకమ్మా, ఆ ఆకలి వాడిది కాదు, మందుది” అంది సిస్టరు. సాయంత్రమే వండించి పెట్టిన జావను వేడిచేసి ఇచ్చింది. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో మాత్రం ఆమె కఠినురాలు. చద్దన్నం వద్దంటుంది, రోడ్డు పక్క కోసిపెట్టిన పండు వద్దంటుంది, నీళ్లు కాచి చల్లార్చినవే తాగాలంటుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది జ్వరం. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కన్నా తగ్గినప్పుడు ఒంట్లో చీము పట్టదు, ఎర్రబడదు. జ్వరమొక్కటే గుర్తు. 100.4 డిగ్రీలు దాటిందంటే, గంటలోపు యాంటిబయోటిక్ నరంలోకి ఎక్కాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకునే ఇళ్లలో తెల్లారేసరికి పిల్లాడు చేయి దాటిపోతాడు. పట్నంలో ఉన్నవాళ్లకు గంట చాలు. పి.గన్నవరం వైపు లంకల్లో ఉన్నవాళ్లు వరదొస్తే పడవ ఎక్కితే గానీ రోడ్డు చూడరు.

అందుకే వానాకాలంలో మా సిస్టరు ధవళేశ్వరం నీటిమట్టం చూస్తుంటుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక జారీ చేస్తారు. ఆమె అంతదాకా ఆగదు. ఎగువన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని వినగానే లంకల్లోని తల్లులకు ఫోన్లు చేస్తుంది. “పిల్లాణ్ణి తీసుకుని చుట్టాలింటికో, ఇక్కడికో వచ్చేయండమ్మా. ఇల్లు తర్వాత చూసుకోవచ్చు.” 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదకు ముందే లంక దాటి వచ్చిన ఒక పిల్లాడికి, ఊళ్లో నీళ్లు నిలిచిన రాత్రి 102 జ్వరం వచ్చింది. గంట తిరక్కుండా మందు ఎక్కింది. వాడిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. వాడు బతికింది యాంటిబయోటిక్ వల్ల అని కేస్ షీట్ చెబుతుంది. ఫోన్ సంగతి ఏ కేస్ షీట్‌లోనూ లేదు.

మా వార్డుకు కేన్సర్ పిల్లలే కాదు, తలసీమియా పిల్లలూ మూడు నాలుగు వారాలకోసారి రక్తం కోసం వస్తారు. బ్యాగు తగిలించాక మొదటి పదిహేను నిమిషాలు సిస్టరు మంచం పక్కనే నిలబడుతుంది, వేరే పని పెట్టుకోదు. ఒకసారి ఒక పాప “నడుం లాగుతోందండి” అంది. పెద్దవాళ్లు విన్నా పట్టించుకోని మాట అది. సరిపడలేదేమోనని ఆమె ముందు రక్తం ఆపి, సెలైన్ ఉంచి, తర్వాత నన్ను పిలిచింది. ఆ వరుసే సరైనది. నన్ను పిలిచి నా కోసం ఆగి ఉంటే మరికొన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్లేవి. రక్తంతో పాటు పేరుకునే ఇనుమును తీసేసే మందు ఏళ్ల తరబడి వాడాలి. పదిహేనేళ్ల పిల్లలకు ఆ మందు మీద విసుగు పుడుతుంది. ఆ విసుగును ఓపికగా వినేది కూడా ఆమే.   

రంపచోడవరం కొండల నుంచి సికిల్ సెల్ పిల్లలు వస్తారు. కాళ్లూ చేతులూ విరిచేస్తున్నట్టు నొప్పి. పైకి వాపు లేదు, గాయం లేదు. నటిస్తున్నాడని అనేవాళ్లుంటారు. సిస్టరు వాడి మాట నమ్మి, బొమ్మల పటంలో ఏ మొహం నీదో చూపించమంటుంది. నొప్పి మందు వేళ తప్పనివ్వదు.

అందరూ బతకరు. జబ్బు తిరగబెట్టిన ఒక పాపను తల్లిదండ్రులు ఊరికి తీసుకెళ్లిపోతామన్నారు. మార్ఫిన్ మాత్ర ఎప్పుడు వేయాలో, తడి గుడ్డతో నోరెలా తుడవాలో, పక్క ఎలా మార్చాలో సిస్టరు ఆ తల్లికి చేసి చూపించింది. రోజూ ఫోన్ చేసింది. ఆ పిల్ల నొప్పి లేకుండా, నాయనమ్మ పక్కలో పోయింది. మర్నాడు సిస్టరు డ్యూటీకి వచ్చింది. ఆమెకు ఎవరైనా సెలవిచ్చారా, ఒక మాటైనా అడిగారా?

ఇంత పనితనం ఏళ్లకు గానీ రాదు. అది వచ్చాక ఏం జరుగుతుందో కూడా నేను చూశాను. ఒకచోట, కీమో చేయి తిరిగిన సిస్టర్లను రొటేషన్ పేరుతో ఆర్థో వార్డుకు, ఓపీకి మార్చేసేవారు. వారి స్థానంలో వచ్చిన అమ్మాయిది తప్పు కాదు. ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకునేలోపు ఆమెనూ మార్చేస్తారు. పిల్లల కేన్సర్ వైద్య అంతర్జాతీయ సంఘం, సియాప్, ఆధ్వర్యంలో నర్సులు రూపొందించిన ప్రమాణాలు 2014లో వచ్చాయి. చేరగానే ప్రత్యేక శిక్షణ, ఐదుగురు పిల్లలకు ఒక నర్సు, తర్ఫీదైన నర్సును వేరే వార్డుకు మార్చకపోవడం అందులో ఉన్నాయి. అవి సంపన్న దేశాల కోసం రాసినవి కావు, మనలాంటి దేశాల కోసమే రాశారు.

ఆసుపత్రులు నడిపేవారికీ, బదిలీల జాబితా తయారుచేసేవారికీ నా విన్నపం ఇది. పిల్లల కేన్సర్, రక్త వ్యాధుల వార్డులో చేయి తిరిగిన సిస్టర్లను అక్కడే ఉండనివ్వండి. ఐదుగురు పిల్లలకు ఒకరిని ఇవ్వండి. ఆ పనికి తగిన జీతం ఇవ్వండి.