ఇద్దరి దగ్గర ఫస్టు... మొత్తంలో సెకండు!

'ఏటి తప్పు సేసినాను మాస్టారూ?'

ఏకపాత్రాభినయం పోటీ ముగిసింది. షామియానా విప్పుతున్నారు. గిరీశం కోటు ఇంకా విప్పని కుర్రాడు వచ్చి అడిగిన ప్రశ్న అది. చేతిలో ద్వితీయ బహుమతి కప్పు.

నరసన్నపేటలో తెలుగు చెప్పి రిటైరైన ఆ మాస్టారిని చుట్టుపక్కల ఏ ఊళ్లో పోటీ జరిగినా న్యాయనిర్ణేతగా పిలుస్తారు. శాలువా కప్పించుకుని, కాఫీ తాగి, బస్సెక్కేయడం రివాజు. ఆ రోజు మాత్రం ఎందుకో ఆగారు. కమిటీవాళ్ల బల్ల మీది మార్కుల కాగితాలు తెప్పించి చూశారు.

దానవీరశూరకర్ణ వచ్చింది 1977లో. ఇన్నేళ్లయినా మైకు దొరికితే దుర్యోధనుడే! ఆ రోజు వచ్చినవాళ్లలో సగంమంది గద పట్టుకున్నవాళ్లే. వాళ్ల మధ్య 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కిన కన్యాశుల్కం నుంచి గిరీశాన్ని ఎంచుకున్నాడీ కుర్రాడు. ఫస్టు మాత్రం ఓ దుర్యోధనుడికి వెళ్లింది.

కుర్రాడికి మాస్టారు వేసింది 64, రెండో ఆయన 66, మూడో ఆయన 50. మొత్తం 180. దుర్యోధనుడికి 61, 63, 70. మొత్తం 194. ముగ్గురిలో ఇద్దరికి గిరీశమే నచ్చాడు. కానీ వాళ్లిద్దరూ మార్కులు పొదుపుగా, మూడేసి తేడాతో వేశారు. మూడో ఆయన ఒక్క కలంపోటుతో ఇరవై తేడా పెట్టారు. అంతే, ఇద్దరి మాటా కొట్టుకుపోయింది. ఇందులో లంచం లేదు, బంధుప్రీతి లేదు. కూడిక తప్పు కూడా కాదు!

పైగా చీటీల్లో కుర్రాడికి వచ్చింది ఒకటో నంబరు. మొదటివాడికి మార్కులేసేటప్పుడు ఏ జడ్జీకైనా చెయ్యి రాదు. వెనక ఇంకెంత మంచివాడొస్తాడోనని దాచుకుంటాడు.

'నువ్వు తప్పేటీ సెయ్యలేదు నాన్నా' అన్నారు మాస్టారు. కాగితం చూపించారు. కుర్రాడు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. 'అయితే మీ ఇద్దరి దగ్గరా నేనే ఫస్టా?' మాస్టారు తలూపారు. కప్పు మారలేదు.

మార్కులకు బదులు ర్యాంకులు వేసుంటే కుర్రాడే గెలిచేవాడు. అలాగని ర్యాంకులైతే గొడవే ఉండదా? 2002లో సాల్ట్‌లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద జంట స్కేటింగ్‌కు తొమ్మిది మంది జడ్జీలు. లెక్కలోకి వచ్చింది ర్యాంకులే. 5-4 తేడాతో రష్యా జంటకు స్వర్ణం దక్కింది. తనపై ఒత్తిడి తెచ్చారని ఫ్రాన్స్ జడ్జి చెప్పి, తర్వాత మాట మార్చారు. దుమారం రేగి కెనడా జంటకూ స్వర్ణం ఇచ్చారు. ఆ తర్వాత పద్ధతే మార్చేశారు. ఇప్పుడు అందరికన్నా ఎక్కువ వేసినవీ, తక్కువ వేసినవీ తీసేసి సగటు కడుతున్నారు. మన పోటీల్లో అలా తీసేస్తే మిగిలేది ఒక్క జడ్జీయే!

మరుసటి ఏడాది అదే కమిటీ మళ్లీ పిలవడానికొచ్చింది. మాస్టారు రెండు షరతులు పెట్టారు. అందరి అభినయమూ అయ్యాకే మార్కులు ఖరారు చేయాలి. ఎవరెవరికి ఎన్ని వేశారో గోడకు అంటించాలి.

మొదటిదానికి సరేనన్నారు. 'గోడకొద్దు మాస్టారూ, ఊళ్లో కొట్టుకుంటారు' అన్నాడు కార్యదర్శి.

'అంటిస్తేనే వస్తాను బాబూ.'

ఆలోచించి చెబుతామని వెళ్లారు వాళ్లు.