రేవులో ఎన్ని మెట్లు?

పత్రికలో ‘ఆందోళన’ అనే మాట నేను కొన్ని వేలసార్లు రాసుంటాను. కలెక్టరేట్ ముందు ఆందోళన, జీతాల కోసం ఆందోళన. అదే నా ఛాతీలోకి వచ్చి కూర్చున్నరోజు మాత్రం ఆ మాట నోటికి రాలేదు. అమ్మీ వాడే మాటే వచ్చింది. ఘబ్రాహట్.

2022 జూలై. గోదావరికి పెద్ద వరద. నాది రాత్రి డెస్కు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడూ దాటేశాయి. గంటగంటకీ అంకె మార్చడం నా పని. ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్లకి కాస్త ఎక్కువ. అలాంటివి 25 లక్షలంటే ఏ దిమాగ్‌లో పడతాయి? ధవళేశ్వరానికి దిగువన, గౌతమి ఒడ్డున, జొన్నాడలో మా ఖాలాజాన్ ఒక్కతే ఉంటుంది. ఫోన్ ఎత్తడం లేదు.

తెల్లవారుజామున వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి సగంలో ఆగిపోతోంది. మౌత్ వచ్చేసిందనుకుని కలిమా చదువుకున్నాను. తోటివాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగానే ఉంది. “గుండెకేం కాలేదు, ఇది పానిక్ ఎటాక్” అన్నారు డాక్టర్ సాబ్. పొద్దున ఖాలా తనే ఫోన్ చేసింది. కరెంటు లేక ఛార్జింగ్ అయిపోయిందట, అంతే.

వరద తీసింది. నా ఘబ్రాహట్ తీయలేదు. ఫోన్ మోగితే చాలు, వేళ్ళు చల్లబడేవి. మందులు వేసుకున్నాను. చూసేవి ఐదు, తాకేవి నాలుగు, వినేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి లెక్కపెట్టుకోమని డాక్టర్ నేర్పారు. ఆఫీసులో కళ్ళెత్తితే ఐదూ తెరలే కనపడేవి. చెట్ల మధ్య ఊరికే తిరగడానికి జపాన్ అటవీ శాఖవాళ్ళు 1982లో ‘షిన్రిన్ యోకు’ అని పేరు పెట్టారనీ, అంటే అడవి స్నానమనీ ఎక్కడో చదివాను. మా ఆఫీసు దగ్గర అడవెక్కడుంది? నవంబరులో సెలవు పెట్టి జొన్నాడ వెళ్ళాను.

ఫజర్ అయ్యాక ఖాలా నన్ను ఏటిగట్టు ఎక్కించింది. జొన్నాడలో నిశ్శబ్దం ఉంటుందనుకోకండి. రావులపాలెం వైపు వంతెన మీద లారీలు రాత్రీపగలూ పోతూనే ఉంటాయి. రేవులో కార్తీక దీపాలు వదిలిన అరటి దొప్పలు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఆగాయి. జూలైలో ఎర్రగా ఉరికిన నీరు తేటబడి మెల్లగా కదులుతోంది.

“మెట్లు లెక్కపెట్టు బేటా” అంది ఖాలా.

పైనుంచి లెక్కపెట్టాను. పద్నాలుగు.

“నిన్న పదమూడే. ఒకటి తేలింది.”

అప్పుడు అర్థమైంది. ఖాలా రోజూ దరియా దగ్గరికి వచ్చేది సుకూన్ కోసం కాదు. నీరు ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి. 1986 వరద చూసిన మనిషి. నీరు నెమ్మదిగా ఉంది కదాని భరోసా పెట్టుకోదు. మెట్లు చూసుకుని ఇంటికెళ్ళి చాయ్ పెట్టుకుంటుంది.

నేను చివరి మెట్టు మీద కూర్చున్నాను. కాళ్ళకింద పాచి జారుతోంది, నీరు చల్లగా మడమలు తాకుతోంది. డాక్టర్ చెప్పిన లెక్క నేను మొదలుపెట్టకుండానే పూర్తయిపోయింది. అరగంట గడిచాక గుర్తొచ్చింది, ఫోన్ ఇంట్లోనే మర్చిపోయానని.

మా ఉర్దూ బడిలో అక్షరం మీద పెట్టే ఒక చిన్న గుర్తుని సుకూన్ అనేవారు. ఆ హర్ఫ్‌కి అచ్చు లేదు, అక్కడ ఆగాలి అని. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు, ఇది మన పొల్లే కదా అనుకున్నాను. పొల్లు దగ్గర మాట ఆగిపోదు, ఒక్క క్షణం నిలబడి ముందుకి పోతుంది. ఆ పొద్దున నాకు దొరికింది అంతమాత్రమే. జబ్బు నయమైపోయిందని చెప్పను. మందులు మానలేదు.

కాకపోతే ఒక అలవాటు పట్టుకుంది. లోపల కలత మొదలైతే ఖాలాకి ఫోన్ చేసి అడుగుతాను, “రేవులో ఎన్ని మెట్లు?” అని. తొమ్మిది అంటుంది, పదకొండు అంటుంది. నా భయానికి ఎప్పుడూ కొలత ఉండేది కాదు. ఇప్పుడు కాస్త దొరుకుతోంది.

ఆ తర్వాతి వరదల్లో ఒకరోజు డ్యూటీలో ఉండి అడిగాను. “రెండే” అంది.

భయమేసింది. అయితే ఈ భయానికి ఏం చేయాలో తెలుసు. ఖాలాని ఆలమూరులో బంధువుల ఇంటికి చేర్చమని పక్కింటి అబ్బాయికి చెప్పాను. చేరిందని ఫోన్ వచ్చేదాకా నీళ్ళు కూడా తాగలేదు. వచ్చాక కుర్చీలో కూర్చుని ధవళేశ్వరం అంకె మార్చాను. వేళ్ళు తిమ్మిరెక్కలేదు.