బిన్సు వీధిలో పుట్టిన బొమ్మకారు

ఇంగ్లండు దేశమునకు బోయి వచ్చినవారు లండను నగరపు రాజభవనములను, వంతెనలను వర్ణించుట పరిపాటి. నేను వ్రాయబోవునది చూచుటకు విశేషమేమియు మిగులని యొక వీధిని గూర్చి. లివర్పూలు నగరమున ఎడ్జి లేను అను పెద్దబాటకు చేరువనున్న దాని పేరు బిన్సు రోడ్డు. కొన్ని తరముల బాలురు ముచ్చటపడి యాడుకొన్న డింకీ బొమ్మకార్లకు అదియే పుట్టినిల్లు.

మా మరిదిగారు ఆ నగరమున ఉద్యోగము చేయుచుండుటచే నాకు దానిని చూచు నవకాశము కలిగినది. లైము స్ట్రీటు స్టేషనునుండి తూర్పుగా బస్సులో బోయితిమి. ప్రాతకర్మాగార మచట లేదు. గిడ్డంగులును, వర్తకశాలలును, వచ్చిపోవు లారీలును మాత్రమే కలవు. అయినను ఆ వీధి కథ వినదగినది.

1863లో లివర్పూలున జన్మించిన ఫ్రాంకు హారన్బీ అను నాయన, తన బిడ్డల వినోదమునకై రంధ్రములుగల రేకుముక్కలను మరలతో బిగించి యంత్రముల నమూనాలు చేసెను. 1901లో దానికి పేటెంటు పొందెను. అదియే పిదప మెకానో యని ప్రసిద్ధి కెక్కినది. 1914లో బిన్సు వీధిలో పెద్దకర్మాగారము వెలసెను. అచటనే బొమ్మరైళ్లును, 1934 నుండి డింకీ యను పేరిట చిన్నకార్లును తయారయ్యెను.

ఆ నగరముననే ప్రాతవస్తువు లమ్ము నొక యంగడిలో, ఒకే రకపు బొమ్మకార్లు రెండు ప్రక్కప్రక్కన నుండగా జూచితిని. అవి జాగ్వారు మార్కు 2 అను బండికి ప్రతిరూపములు. అసలుబండిని 1959 నుండి 1967 వరకు కొవెంట్రీ నగరమున నిర్మించిరి. నాలుగు తలుపులతో చూచుటకు సంసారపక్షముగనే యుండును గాని, పరుగున పందెపుగుఱ్ఱమే. 3.8 లీటర్ల యంత్రము గలది గంటకు సుమారు 125 మైళ్లు పోగలదు. పోలీసులును దానినే వాడిరి. వారికి చిక్కక పారిపోగోరు దొంగలును దానినే వాడిరి! ఆ జాగ్వారు సంస్థను 2008లో మన టాటావారు కొనిరి.

అందు 3.4 లీటర్ల రకమునకు 1960లో బిన్సు వీధివారు బొమ్మ చేసిరి. డింకీ పట్టికలో దాని సంఖ్య 195. నాలుగున్నర మీటర్ల బండి నాలుగంగుళములకు లోపుగా నొదిగినది. లోపల ఆసనములు, కిటికీలకు అద్దమువంటి రేకులు. ఒక ప్రక్కను వ్రేలితో నొక్కిన ముందుచక్రములు ఆ వైపునకే తిరుగును.

ఇట్టి బొమ్మను చేయు విధము వినుడు. తుత్తునాగము, అనగా జింకు, ప్రధానముగా గల మిశ్రలోహమును 400 డిగ్రీలకు పైబడిన వేడిలో కరగించి, మిక్కిలి యొత్తిడితో ఉక్కు అచ్చులోనికి పంపుదురు. క్షణములలో అది గట్టిపడును. అంచులను శుభ్రపరచి, రంగు వేసి, ఇరుసులకు చక్రములు తొడిగి, అడుగురేకు బిగింతురు. ఆ లోహమున సీసము లేశము కలిసినను, బొమ్మ కొన్నేండ్లకు బీటలువారి పొడి యగును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు డింకీలు పెక్కు ఇట్లే నశించినవి.

బిన్సు వీధిలో ఈ కూర్పుపనులు పెక్కు చేసినది స్త్రీలు. ఉదయమున ఇల్లు చక్కబెట్టుకొని వచ్చి, పరుల బిడ్డల కొఱకు దినమెల్ల చక్రములు తొడిగిన తల్లులెందఱో! 1979 నవంబరు 30వ తేదీన, ముందుగా తెలుపకయే, ఆ కర్మాగారమును మూసివేసిరి. తొమ్మిదివందలకు పైబడిన పనివారు జీవనాధారము కోల్పోయిరి. కొందఱు కొన్నినెలలు ఆ కర్మాగారమును విడువక లోపలనే నిలిచి పోరాడిరి గాని, అది మఱల తెఱవబడలేదు. బొమ్మలపైన సంస్థపేరు కలదు. ఈ స్త్రీలలో నొక్కరి పేరైనను లేదు.

అంగడిలోని రెండుబొమ్మలలో ఒకటి తన పసుపుపచ్చని పెట్టెలో, గీటైన లేక మెఱయుచుండెను. రెండవదానికి పెట్టె లేదు; మూలలయందు రంగు రాలి తెల్లలోహము పైకి వచ్చెను. మొదటిదాని వెల రెండవదానికి అనేకరెట్లు. ఆడుకొనని బొమ్మకు ఇంత విలువ యేల యని మొదట నాకు వింత తోచినది. బిన్సు వీధిని చూచివచ్చిన పిమ్మట వేఱొక తలపు గలిగెను. చెక్కుచెదరని బొమ్మ ఆ స్త్రీల పనితనమును విడిచిన క్షణమున నున్నట్లే చూపుచున్నది. రంగు రాలినది ఆ పని యే బిడ్డను సంతోషపెట్టెనో చెప్పుచున్నది. సేకరించువారు మొదటిదానిని కాపాడుట మంచిదే. నేను మాత్రము రెండవదానిని కొంటిని. మా చిన్నవాడు దానితో ఆడుకొనుచున్నాడు.

డింకీ అచ్చులలో కొన్ని 1960వ దశకము చివర కలకత్తా చేరి, నిక్కీ యను పేరిట మనదేశమునను బొమ్మలుగా అమ్ముడుపోయినవి. కావున మీ యింటి అటకమీద ప్రాతబొమ్మకారు కనబడినచో చెత్తలో వేయకుడు. వెల్లకిల త్రిప్పి అడుగున నున్న అక్షరములు చదువుడు. తేమ తగులనిచోట నుంచుడు, లేదా ఇంటిలోని పసివాని చేతికిండు. ఆ చక్రములను తొడిగిన తల్లిని గూర్చి వానికి రెండుమాటలు చెప్పుడు.