సముద్రం పాలయిన నీరు

మా చిత్తూరు సీమలో నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. చంద్రగిరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి ఏడాదిలో అధిక భాగం ఇసుకగానే దర్శనమిస్తుంది. అట్టి నది ఒక్క వానకు పొంగి, శ్రీకాళహస్తి దాటి బంగాళాఖాతంలో కలిసిపోతుంటే, నీళ్లన్నీ సముద్రం పాలయినవని మా పెద్దలు నిట్టూరుస్తారు. ఆ బాధలో న్యాయమున్నది. కాని ఆ నీరు అక్కడ ఏమవుతున్నదో తెలియకుండా వృథా అనవచ్చునా?

నౌకలెక్కి ఆ సంగతి వెదకినవారున్నారు. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారితో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించాడు. 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వెలసింది. 1976లో 'గవేషణి', 1983లో 'సాగర్ కన్య' నౌకలు వచ్చినవి.

నౌక నడిసముద్రంలో ఆగుతుంది. సీసాల చట్రాన్ని తాటితో దింపి, ఒక్కొక్క లోతున ఒక్కొక్క సీసాను మూయిస్తారు. పైకి వచ్చిన నీటిలోని ప్రాణవాయువును 1888 నాటి వింక్లర్ పద్ధతిలో కొలుస్తారు. అయొడిన్, స్టార్చి, నీలిరంగు మాయమయ్యే ఆ చివరి చుక్క! మన కళాశాల ప్రయోగశాలలో బ్యూరెట్టు పట్టిన విద్యార్థులకు అది పరిచితమే.

ఆ కొలతలు చెప్పినదేమి? నదుల మంచినీరు తేలికగా పైపొరయై నిలుస్తుంది. అడుగునున్న పోషకాలు సులభంగా పైకి రావు. పైపొర వెచ్చగా ఉంటుంది. ఆశ్వయుజ కార్తీకాలలో మాకు వాన తెచ్చే మేఘాలు ఆ వెచ్చదనం మీదనే బలం పుంజుకొంటాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానా అటునుండి వచ్చినదే. నదుల ఒండ్రు, చనిపోయిన సూక్ష్మజీవుల శేషాలకు బరువై, వాటిలోని కర్బనాన్ని అడుగుకు చేరుస్తుంది. గంగా బ్రహ్మపుత్రల ముందు మా స్వర్ణముఖి వాటా చేరెడే కావచ్చు. అయినా అది వాటాయే.

వంద మీటర్లు దాటిన లోతుల్లో అక్కడ ప్రాణవాయువు దాదాపు శూన్యం. మిగిలిన లేశమాత్రమే, అరేబియా సముద్రంలో వలె నత్రజని భారీగా వాయువై పోకుండా కాపాడుతున్నదని 2016లో వెలువడిన పరిశోధన తెలిపింది. పొలాలలో మిగిలిన ఎరువు, పట్టణాల మురుగు ఎక్కువగా చేరితే ఆ లేశమూ హరించవచ్చు.

కనుక నీరు పోయిందని వగచుటతో మన పని తీరదు. దానితో ఏమి పంపుతున్నామో కూడా విచారించుకొనవలెను. కొండల నడుమ పుట్టినా మనము ఆ సముద్రానికి ఎగువవాసులమే.