మల్లీశ్వరి ఇంటికి వచ్చిన పల్లకీ

"మల్లీశ్వరి ఇప్పుడు చూడొచ్చా?" అని అడిగేవాళ్ళకి ముందే ఓ మాట చెప్తాను. 1951 నాటి నలుపు తెలుపు సినిమా. నిడివి దాదాపు మూడు గంటలు. కథ శ్రీకృష్ణదేవరాయల కాలంలో నడుస్తుంది గానీ ఒక్క యుద్ధమూ ఉండదు. బాహుబలికి అలవాటు పడ్డ కళ్ళకి మొదటి అరగంట నెమ్మదిగానే అనిపిస్తుంది. బావామరదళ్ళ అల్లరి, ఎడ్లబండి ప్రయాణం, వాన... బి.ఎన్. రెడ్డి గారు దేనికీ తొందరపడరు.

ఆ వానలోనే అసలు కథ మొదలవుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారు, అల్లసాని పెద్దన మల్లి పాటా ఆటా చూసి మెచ్చుకుంటారు. ఎదురుగా ఉన్నది రాజని తెలియని నాగరాజు సరదాకి అడుగుతాడు, మా మల్లికి పల్లకీ పంపించమని. కొన్నాళ్ళకి నిజంగానే పల్లకీ వస్తుంది. అప్పటికి నాగరాజు, మల్లిని పెళ్ళి చేసుకోవడానికి డబ్బు సంపాదించుకొస్తానని ఊరు దాటి వెళ్ళాడు. మల్లి రాణివాసానికి వెళ్ళిపోతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడమంటూ ఉండదు.

ఈ సినిమాలో నాకు నచ్చేదీ, నన్ను ఇబ్బంది పెట్టేదీ ఒకటే: ఇందులో విలన్ లేడు. రాజు మంచివాడు, కళలంటే ప్రాణం. పల్లకీ పంపడం ఆయన దృష్టిలో గౌరవం. తల్లి నాగమ్మకి డబ్బాశ ఉంది, కూతురు సుఖపడుతుందన్న నమ్మకమూ ఉంది. ఊరంతా సంబరపడుతుంది. మల్లిని మాత్రం "నీకిష్టమేనా?" అని ఎవరూ అడగరు.

ఇది చూసినప్పుడల్లా నాకు మా పిన్ని గుర్తొస్తుంది. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా, కట్నం అక్కర్లేదన్న సంబంధం ఒకటి వచ్చింది. పదిరోజుల్లో ముహూర్తం, ఆ తర్వాత కాలేజీ లేదు. అదృష్టం వెతుక్కుంటూ వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. బాబాయి మంచివాడే. అందుకే ఆ ఆగిపోయిన చదువు గురించి పిన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు. చెడ్డవాడి మీదైతే కోప్పడొచ్చు, మంచివాళ్ళంతా కలిసి చేసిన మేలు మీద ఏమని కోప్పడతాం?

భానుమతి ఆ స్థితిని ముఖంలో చూపిస్తుంది. పల్లెలో అంత గలగలలాడిన పిల్ల, అంతఃపురంలో నగలన్నీ పెట్టుకుని మాటలు తగ్గించేస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి రాయడం ఇదే మొదలు. ఆ మౌనాన్ని ఆయన పాటల్లోకి మళ్ళించారు. ఆమె కోటలో, శిల్పి అయిన నాగరాజు బయటెక్కడో, ఇద్దరూ ఒకే మబ్బుకి తమ గోడు చెప్పుకునే పాట ఉంది. సాలూరి రాజేశ్వరరావు బాణీ, ఘంటసాల, భానుమతి గొంతులు. ఆ పాట దగ్గరికి వచ్చేసరికి, ఈ సినిమాకి ఇంత నిదానం ఎందుకు కావాలో అర్థమవుతుంది.

ముగింపు చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి. రాణివాసం కట్టుబాటు దాటి కలుసుకున్నందుకు ఇద్దరూ పట్టుబడతారు. శిక్ష మరణం. చివరికి రాయలవారు క్షమించి, వాళ్ళని కలుపుతారు. 1951లో హాలంతా ఊపిరి పీల్చుకుని ఉంటుంది. నాకూ సంతోషంగానే ఉంటుంది. కానీ క్షమించాల్సినంత తప్పు వాళ్ళేం చేశారు? పల్లకీ పంపిందీ ఆయనే, శిక్షించగలిగిందీ ఆయనే, దయతలచిందీ ఆయనే. సినిమా ఆ ప్రశ్న పైకి అడగదు. మూడు గంటలు మల్లి ముఖం చూశాక మనకే తడుతుంది.

కాబట్టి చూడండి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా కాకుండా, ఓ సెలవురోజు మధ్యాహ్నం తీరిగ్గా. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి. పల్లకీ వచ్చే ఘట్టంలో, "మీరైతే పంపేవారా?" అని ఓసారి అడిగి చూడండి.