పాఠాల పటం

ఈసారి ఒక బడి మాట: కరికులం మ్యాపింగ్. నేను దీన్ని "పాఠాల పటం" అంటున్నాను. ఏ నెలలో ఏ పాఠం నిజంగా చెప్పారో ప్రతి టీచరూ రాస్తారు. తరువాత ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండుసార్లు చెప్పింది ఏది? ఎవరూ చెప్పనిది ఏది? అమెరికాలో హైడీ హేస్ జేకబ్స్ 1997లో దీని మీద ఒక పుస్తకం రాశారు.

మలేషియా హైస్కూళ్లలో 2017లో ఫారం 1 నుంచి కేఎస్‌ఎస్‌ఎం అనే కొత్త పాఠ్య ప్రణాళిక మొదలైంది. ప్రతి సబ్జెక్టుకూ డీఎస్‌కేపీ ఉంటుంది. పిల్లలు ఏం నేర్చుకోవాలో అది చెబుతుంది. దాన్ని చూసి టీచర్లు ఆర్‌పీటీ రాస్తారు. అంటే ఏ వారం ఏ పాఠమో చెప్పే ప్లాను. కానీ ప్లాను పాఠానికి ముందు రాస్తారు. పటం పాఠం అయ్యాక రాస్తారు. వరదకు బడి మూసేస్తే ఆ వారం ప్లానులో నిండుగా ఉంటుంది, పటంలో ఖాళీగా ఉంటుంది.

ఎస్‌పీఎం పరీక్షలో తమిళం ఉంది, చైనీస్ ఉంది, తెలుగు లేదు. కాబట్టి మన పటం మనమే గీసుకోవాలి.

మా గుడిలో ఆదివారం తెలుగు క్లాసు ఒక గంట. ఫారం 4 వస్తే ట్యూషన్ ఉందని పిల్లలు మానేస్తారు. అంటే హైస్కూలు పిల్లలు మన దగ్గర ఉండేది మూడేళ్లే. ఏడాదికి 40 ఆదివారాలు అనుకుంటే మొత్తం 120 గంటలు.

మూడు తరగతుల టీచర్లూ ఒక పెద్ద కాగితం మీద నెలనెలా రాశారు. మూడు తరగతుల్లోనూ మొదటి నాలుగు నెలలు అక్షరాలే! కొత్త పిల్లలు ప్రతి ఏడాదీ చేరతారు కదా, అందుకని. నాలుగు నెలలంటే సుమారు 16 గంటలు. మూడేళ్లకు 48 గంటలు. "వచ్చాను, తిన్నాను, చూశాను" మాత్రం ఏ తరగతిలోనూ లేవు. అందుకే అక్షరాలన్నీ వచ్చిన పిల్ల కూడా "నిన్న ఏం తిన్నావమ్మా?" అని అమ్మమ్మ అడిగితే మలయ్‌లో జవాబు చెబుతుంది.

ఇప్పుడు కొత్తవాళ్లకు పెద్ద పిల్లలు అక్షరాలు నేర్పుతున్నారు. మిగిలినవాళ్లు ప్రతి ఆదివారం నిన్నటి సంగతి చెప్పాలి. తప్పులు వస్తాయి, నవ్వులూ వస్తాయి.

ఒంటరిగా నేర్చుకునేవాళ్లు కూడా ఇది చేయవచ్చు. నెలాఖరున రెండు వరుసలు రాయండి: ఏం చదివాను? ఎవరితో ఏం మాట్లాడగలిగాను? రెండో వరుస ఖాళీగా ఉంటే, వచ్చే నెల అక్కడి నుంచే మొదలుపెట్టండి.