ఒకటి నొక్కండి

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు నిన్న రాత్రి ఫోన్ చేసినాడు. వాళ్ల టెక్సాస్‌లో సెనేట్ సీటుకు పార్టీ ఎవర్ని నిలబెట్టాలో జనమే ఓటేసి తేలుస్తారంట. ప్రైమరీ అంటారు. ఎవరికీ సగానికి మించి రాకుంటే, మొదటి ఇద్దరికీ మళ్లా పోటీ. "మన కర్నూల్లో ఎట్ల మామా?" అన్నాడు.

నవ్వొచ్చింది. మనకు సెనేట్ లాంటిది రాజ్యసభే కదా. ఆంధ్రప్రదేశ్‌కు 11 సీట్లు. ఓటు 175 మంది ఎమ్మెల్యేలది. అది కూడా 2003లో చట్టం మారినప్పటి నుంచి పార్టీ ఏజెంటుకు చూపించి వేయాల్సిందే. సీట్లకు సరిపడా నామినేషన్లే పడితే ఆ పోలింగూ ఉండదు. ఇంక టికెట్టంటారా, అది అధినేత ఇంట్లోనే తేలిపోతుంది.

మా కర్నూలు టి.జి. వెంకటేశ్, కడప జిల్లా సి.ఎం. రమేశ్ తెలుగుదేశం తరఫున రాజ్యసభకు పోయినారు. 2019 జూన్‌లో ఇద్దరూ బీజేపీలో చేరినారు. పంపేటప్పుడు మనల్ని ఎవరడిగినారు, కండువా మారేటప్పుడు అడగడానికి?

అసెంబ్లీ టికెట్లకైతే కొంచెం నయం. 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం వాళ్లు ఐవీఆర్‌ఎస్ ఫోన్లు చేయించినారు. ఫలానా ఆయన కావాలంటే ఒకటి నొక్కండి, ఇంకొకాయన కావాలంటే రెండు నొక్కండి అని. మన ప్రైమరీ అంటే అదేరా అబ్బీ అని చెప్పినా.

మా అమ్మకూ వచ్చింది ఆ ఫోను. లోనిచ్చే వాళ్లేమో అనుకొని పెట్టేసింది.